గోదావరి మట్టం చూడ్డానికి పాస్‌వర్డ్ ఎందుకు?

భద్రాచలం దగ్గర గోదావరిని మూడు అంకెలతో కొలుస్తారు. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఏజెన్సీ ఊళ్లలో బడి మొహం చూడని ముసలివాళ్లకు కూడా ఈ మూడూ కంఠతా వచ్చు. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకు చేరింది. ఇప్పటికీ అదే రికార్డు. 2022 జులై 16న 71.3 అడుగులు. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. పట్టణంలో కాలనీలు మునిగాయి, కుటుంబాలకు కుటుంబాలు పునరావాస కేంద్రాలకు తరలాయి. ఆ రోజుల్లో రెండు ఒడ్డుల జనమూ గంటగంటకూ అడిగిన ప్రశ్న ఒక్కటే: ఇప్పుడెంతుంది? పెరుగుతోందా, నిలకడగా ఉందా, తగ్గుముఖం పట్టిందా?

మట్టం కొలిచే పని కేంద్ర జలసంఘానిది. ఆ అంకె టీవీ స్క్రోలింగుల్లోనూ వాట్సాప్ గ్రూపుల్లోనూ తిరుగుతుంది. వాట్సాప్‌తో చిక్కేమిటంటే నిన్న సాయంత్రం అంకె ఇవాళ పొద్దున కూడా కొత్తదానిలాగే కనిపిస్తుంది. పైగా ఊళ్లవాళ్లకు అడుగుల లెక్క ఒక్కటే చాలదు. చర్ల వైపు తాలిపేరు గేట్లు ఎత్తారా? బూర్గంపాడు దగ్గర కిన్నెరసాని ఎగదన్నిందా? మా చప్టా మీద ఎంత నీళ్లున్నాయి, బస్సు వస్తుందా? ఇవన్నీ ఊరివాళ్లే చెప్పగలరు. పంచాయతీ కార్యదర్శి ఫోన్‌లోంచి రెండు ముక్కలు రాసి, ఒక ఫొటో పెడితే చాలు. అందరూ చూస్తారు.

ఇలాంటి పేజీని పైథాన్‌లో రాయడం కష్టం కాదు. ఫ్లాస్క్ లేదా జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ తెలిసిన ఇంజినీరింగ్ విద్యార్థి రెండు సాయంత్రాల్లో రాసేస్తాడు. జాంగో పుట్టిందే వార్తల హడావుడిలో. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో లారెన్స్ జర్నల్ వరల్డ్ అనే దినపత్రిక ఉంది. గంటల్లో వెబ్ పేజీలు తయారు చేయాల్సి వచ్చి అక్కడి ప్రోగ్రామర్లు 2003లో దాన్ని కట్టుకున్నారు. 2005లో అందరికీ ఇచ్చేశారు. ఫ్లాస్క్ కథ ఇంకా విచిత్రం. ఆర్మిన్ రోనాకర్ అనే ఆస్ట్రియా యువకుడు 2010 ఏప్రిల్ 1న అందర్నీ ఫూల్ చేయడానికి వేసిన ఎత్తులోంచి అది పుట్టింది. రెండూ ఉచితమే, రెండూ గట్టివే.

అసలు కష్టం తర్వాత మొదలవుతుంది. రాసిన ప్రోగ్రామ్‌ను ఊరి మీదికి వదలాలి. వేలమంది ఒకేసారి చూసినా కూలకూడదు. ఎవరు పడితే వాళ్లు అంకెలు మార్చకూడదు. సిగ్నల్ సగం సగం ఉండే చోట కూడా పనిచేయాలి. ఈ మూడు షరతుల వెనుక చాలా ఇంజినీరింగ్ ఉంది. వరద రోజున అది మనుషుల ప్రాణాలకు సంబంధించిన విషయమవుతుంది కాబట్టి కాస్త వివరంగానే చెప్పుకుందాం.

ఫ్లాస్క్‌తో రాసిన ప్రోగ్రామ్‌ను మన కంప్యూటర్‌లో నడిపితే తెర మీద ఎర్రటి హెచ్చరిక కనిపిస్తుంది: ఇది తయారీలో వాడుకునే సర్వర్ మాత్రమే, జనం వాడే చోట పెట్టవద్దని. చాలామంది దాన్ని చదవకుండా ముందుకు పోతారు. ఇంకొందరు డీబగ్ మోడ్ కూడా తీయకుండానే ఇంటర్నెట్‌లో పెడతారు. డీబగ్ మోడ్‌లో ఏదైనా తప్పు జరిగితే ప్రోగ్రామ్ తన లోపలి సంగతులన్నీ బ్రౌజర్‌లో పరుస్తుంది. ఏ ఫైల్‌లో ఏ లైను, ఏ విలువలు అన్నీ కనిపిస్తాయి. ఫ్లాస్క్‌లోనైతే అక్కడి నుంచే పైథాన్ ఆదేశాలు నడిపే వీలు కూడా ఉంది. దానికి అడ్డుగా ఉండేది ఒక చిన్న పిన్ నంబరు మాత్రమే. తప్పులు వెతుక్కునేటప్పుడు అది గొప్ప సాయం. బయటి ప్రపంచానికి తెరిచి పెడితే సర్వర్‌నే అప్పగించినట్టు.

అందుకే పైథాన్ ప్రోగ్రామ్‌ను నడపడానికి వేరే సర్వర్ వాడతారు. పైథాన్ ప్రపంచంలో ఒకప్పుడు ఏ ఫ్రేమ్‌వర్క్‌కు ఆ సర్వరే ఉండేది. ఒకదానితో రాసింది ఇంకోదానిలో నడిచేది కాదు. 2003 డిసెంబరులో ఫిలిప్ జె. ఈబీ అనే ప్రోగ్రామర్ ఒక ఒప్పందం ప్రతిపాదించాడు. దాని పేరు డబ్ల్యూఎస్‌జీఐ, పలకడంలో విస్గీ. సారాంశం చాలా చిన్నది. సర్వర్ తన దగ్గరికి వచ్చిన అభ్యర్థన వివరాలన్నిటినీ ఒక పట్టికలో పెట్టి పైథాన్ ఫంక్షన్‌కు ఇస్తుంది. ఆ ఫంక్షన్ జవాబును తిరిగిస్తుంది. అంతే. ఈ ఒప్పందాన్ని పాటించే ఏ ప్రోగ్రామ్ అయినా దీన్ని పాటించే ఏ సర్వర్ కిందైనా నడుస్తుంది. గునికార్న్, యూవిస్గీ, అపాచీకి తోడుగా వచ్చే మాడ్ విస్గీ అన్నీ ఆ ఒప్పందం మీద నిలబడ్డవే. 2010లో పైథాన్ 3కి తగినట్టు దాన్ని కొద్దిగా సవరించారు. పెద్ద ప్రచారం లేకుండా ఇంత మేలు చేసిన పత్రాలు సాఫ్ట్‌వేర్‌లో కొన్నే ఉంటాయి.

మరి గునికార్న్ ఉండగా దాని ముందు ఇంకో వెబ్ సర్వర్ ఎందుకు? ఇంజిన్‌ఎక్స్‌ను ముందు నిలబెట్టమని గునికార్న్ తయారీదారులే గట్టిగా చెబుతారు. కారణం సిగ్నల్. పట్నంలో కూర్చున్నవాళ్లకు ఇది తొందరగా తట్టదు.

గునికార్న్ లోపల కొందరు వర్కర్లుంటారు. అంటే పైథాన్ ప్రోగ్రామ్ ప్రతులు. మామూలు అమరికలో ఒక్కో వర్కర్ ఒక సమయంలో ఒక్క అభ్యర్థననే చూస్తుంది. మనం ఏమీ చెప్పకపోతే ఒక్క వర్కరే నడుస్తుంది. ప్రాసెసర్ కోర్ల సంఖ్యను రెండుతో గుణించి ఒకటి కలపమని సూచన. రెండు కోర్ల చిన్న అద్దె సర్వర్‌లో ఐదుగురు వర్కర్లన్నమాట. ఇప్పుడు చర్ల అవతల ఒక గూడెం నుంచి కార్యదర్శి చప్టా ఫొటో పంపుతున్నాడనుకోండి. ఫొటో 2 ఎంబీ. ఆ చోట ఫోన్ 2జీకి పడిపోయి సెకనుకు 50 కిలోబిట్లు మాత్రమే పోతోంది. 2 ఎంబీ అంటే సుమారు 16,000 కిలోబిట్లు. 50తో భాగిస్తే 320 సెకన్లు. అంటే ఐదు నిమిషాల పైమాటే. గునికార్న్ నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి ఉంటే ఆ ఐదు నిమిషాలూ ఒక వర్కర్ ఆ ఫొటో చుక్కచుక్కగా రావడం చూస్తూ కూర్చోవాలి. అసలు అంతసేపు కూర్చోనివ్వరు కూడా. 30 సెకన్లు దాటితే ఆ వర్కర్ చిక్కుకుపోయిందనుకుని గునికార్న్ దాన్ని చంపి కొత్తదాన్ని పుట్టిస్తుంది. ఫొటో పోతుంది. కార్యదర్శి మళ్లీ నొక్కుతాడు. మళ్లీ 30 సెకన్లు. ఇలాంటివాళ్లు ఐదుగురు ఒకేసారి తగిలితే ఖమ్మంలో మంచి సిగ్నల్‌లో కూర్చుని మట్టం చూద్దామనుకున్నవాడికి కూడా పేజీ తెరుచుకోదు.

ఇంజిన్‌ఎక్స్ ఈ పనిని వేరేలా చేస్తుంది. రష్యాలో రాంబ్లర్ అనే పోర్టల్‌లో పనిచేసిన ఇగోర్ సిసోయెవ్ దాన్ని 2002లో మొదలుపెట్టి 2004లో విడుదల చేశాడు. ఒకే సర్వర్ మీద పదివేల కనెక్షన్లు ఎలా పట్టాలన్నది అప్పట్లో సాఫ్ట్‌వేర్ లోకాన్ని వేధిస్తున్న సమస్య. ఇంజిన్‌ఎక్స్‌లో ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో ప్రాసెస్‌ను కేటాయించరు. ఒకే ప్రాసెస్ వేల కనెక్షన్ల మీద కన్నేసి ఉంచి, దేని దగ్గర కొత్త బైట్లు వచ్చాయో ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడిగి తెలుసుకుని, వాటిని తీసుకుని మళ్లీ మిగతావాటికి పోతుంది. నెమ్మదిగా వచ్చే ఫొటో వల్ల దానికి పెద్ద ఖర్చు లేదు. వచ్చిన ముక్కలను డిస్క్ మీద పోగేసుకుంటుంది. మొత్తం చేరాక ఒక్క ఊపున గునికార్న్‌కు అందిస్తుంది. వర్కర్‌కు పట్టేది సెకనులో చిన్న భాగం. తిరుగు దారిలోనూ అంతే. జవాబును వర్కర్ దగ్గర నుంచి వెంటనే తీసుకుని దాన్ని వదిలేసి, నెమ్మదైన ఫోన్‌కు నెమ్మదిగా అందిస్తుంది. ఏరియా ఆసుపత్రిలో ఓపీ చీటీ రాసేచోట ఎంతసేపు పట్టినా, డాక్టరు ముందుకు వివరాలన్నీ రాసిన చీటీతోనే మనిషి వెళ్లినట్టు.

కానీ ఇంజిన్‌ఎక్స్‌ను ఉన్నదున్నట్టు వాడితే ఇక్కడ పనికిరాదు. మనం ఏమీ మార్చకపోతే అది 1 ఎంబీకి మించిన దేన్నీ తీసుకోదు. 413 అనే లోపం చూపించి వెనక్కి పంపుతుంది. ఈనాటి ఫోన్ కెమెరాతో తీసిన ఫొటోలు చాలావరకు అంతకన్నా పెద్దవే. అలాగే రెండు ముక్కల మధ్య 60 సెకన్లు ఏమీ రాకపోతే కనెక్షన్ తెంచేస్తుంది. అడవి రోడ్డు మీద నడుస్తూ పంపేవాడికి నిమిషం పాటు సిగ్నల్ పోవడం మామూలే. ఈ రెండు అంకెలనూ పెంచాలి. ఇంకా మంచిది, ఫొటోను ఫోన్‌లోనే 200 కేబీకి కుదించి పంపే ఏర్పాటు చేయడం. అప్పుడు అదే 50 కిలోబిట్ల దారిలో అరనిమిషంలో చేరుతుంది.

చదివేవాళ్ల సంగతి వేరు. వరద రోజున రాసేవాళ్లు పదులలో ఉంటే చూసేవాళ్లు వేలల్లో ఉంటారు. వచ్చిన ప్రతివాడి కోసం పైథాన్‌ను లేపి, డేటాబేస్‌ను అడిగించి, పేజీ కట్టించడం దండగ. ఆ పేజీని ఒక్క నిమిషం పాటు దాచిపెట్టుకోమని ఇంజిన్‌ఎక్స్‌కు చెప్పవచ్చు. ఆ నిమిషంలో ఐదువేలమంది చూసినా పైథాన్ దాకా వెళ్లేది దాదాపు ఒక్క అభ్యర్థనే. మట్టం గంటకోసారి నమోదవుతుంటే ఒక్క నిమిషం ఆలస్యం ఎవరికీ నష్టం కాదు. ఒక జాగ్రత్త ఉంది. లాగిన్ అయినవాడి పేజీని దాచి ఇంకొకరికి చూపకూడదు. కుకీని, అంటే బ్రౌజర్ దగ్గర ఉంచే గుర్తింపు చీటీని, అమర్చే జవాబులను ఇంజిన్‌ఎక్స్ తనంతట తాను దాచదు, కానీ దాన్నే నమ్ముకోకుండా అందరికీ చూపే పేజీలనూ లాగిన్ తర్వాతి పేజీలనూ చిరునామాల దగ్గరే వేరు చేయడం మంచిది.

ఇక లాగిన్ విషయం. దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. మట్టం చూడ్డానికి, ఏ చప్టా మునిగిందో తెలుసుకోడానికి, పునరావాస కేంద్రం ఎక్కడుందో కనుక్కోడానికి ఎవర్నీ లాగిన్ అడగకూడదు. మొబైల్ నంబరు ఇవ్వు, ఓటీపీ కొట్టు అని అడిగిన ప్రతిచోటా కొంతమంది వెనక్కి పోతారు. ముందు పోయేది తెలుగు సరిగా చదవలేని కోయ అవ్వ, ఇంకొకరి ఫోన్ అరువు తెచ్చుకున్న కూలీ. నీళ్లు ముందుగా చేరేది కూడా తరచూ వాళ్ల ఇళ్లకే.

రాయడానికి మాత్రం లాగిన్ తప్పనిసరి. ఒక ఆకతాయి 58 అడుగులని రాస్తే రాత్రికి రాత్రి ఊరు ఖాళీ అవుతుంది. అంతకన్నా ప్రమాదం, నిజంగా 58 ఉన్నప్పుడు ఎవరో 45 అని మార్చడం.

లాగిన్‌లో రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి. నువ్వెవరు అన్నది ఒకటి. నీకు ఏం చేసే హక్కుంది అన్నది రెండోది. మొదటిదానికి జవాబు లేకపోతే వెబ్ సర్వర్ 401 అంటుంది. మనిషి తెలుసు కానీ హక్కు లేదంటే 403. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ సరిహద్దులోని ఈ తీరంలో రెండో ప్రశ్నే చిక్కైనది. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలోనే ఉంది, పట్టణాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక అవతలి రాష్ట్రంలో ఉంది. 2016 అక్టోబరు 11న ఖమ్మం నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా విడిపోయింది. 2022లో అవతల చింతూరు, కూనవరం, వీఆర్ పురం, ఎటపాక మండలాలు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి, కుక్కునూరు, వేలేరుపాడు ఏలూరు జిల్లాలోకి వచ్చాయి. నది ఒక్కటే, పాలన మాత్రం ఇన్ని చేతులు మారింది. కాబట్టి హక్కుల పట్టికను జిల్లా పేరుతో కట్టకూడదు. ఈ మనిషి ఈ పంచాయతీకి రాయవచ్చు అని పంచాయతీ వారీగా ఉండాలి. జిల్లా పేరు మారిన ప్రతిసారీ ప్రోగ్రామ్ విప్పి మళ్లీ రాసుకోవాల్సిన అవసరం అప్పుడు రాదు.

నువ్వెవరు అన్న ప్రశ్నకు అన్నిటికన్నా పాత, తేలికైన పద్ధతి బేసిక్ ఆథెంటికేషన్. బ్రౌజర్ ఒక చిన్న పెట్టె తెరిచి పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. దీన్ని ఇంజిన్‌ఎక్స్ లేదా అపాచీ స్థాయిలోనే పెట్టవచ్చు, పైథాన్‌ను ముట్టుకోనక్కర్లేదు. పదిమంది వాడే లోపలి పేజీకి ఇది చాలు. అయితే పేరు, పాస్‌వర్డ్‌లను బేస్64 అనే రూపంలోకి మార్చి ప్రతి అభ్యర్థనతోనూ పంపుతుంది. అది రహస్య లిపి కాదు, ఎవరైనా క్షణంలో వెనక్కి మార్చుకోవచ్చు. హెచ్‌టీటీపీఎస్ లేకుండా దీన్ని వాడితే పాస్‌వర్డ్‌ను పోస్టుకార్డు మీద రాసి పంపడమే. ఒక చిన్న తికమక కూడా ఉంది. అపాచీ, మాడ్ విస్గీ జంటలో పేరు, పాస్‌వర్డ్‌లను మోసే ధ్రువీకరణ శీర్షిక (హెడర్) పైథాన్ దాకా వెళ్లదు. కావాలని చెప్పి తెరిపించాలి. ప్రోగ్రామ్ అంతా సరిగ్గానే ఉండి లాగిన్ మాత్రం ఎంతకీ కుదరకపోతే ముందు చూడాల్సింది అక్కడే.

లాగిన్ పని ముందున్న సర్వరే చేసి, వచ్చినవాడి పేరును ఒక శీర్షికలో రాసి పైథాన్‌కు పంపే పద్ధతి కూడా ఉంది. పెద్ద కార్యాలయాల్లో ఇది మామూలే. ఇందులో ఒక ప్రాణాంతకమైన లోపం దాగి ఉంటుంది. పైథాన్ ప్రోగ్రామ్ ఆ శీర్షికను గుడ్డిగా నమ్ముతుంది. గునికార్న్ మామూలుగా వినే 8000 పోర్టు బయటి ప్రపంచానికి కూడా తెరిచి ఉందనుకోండి. ఎవరైనా ఇంజిన్‌ఎక్స్‌ను తప్పించుకుని నేరుగా అక్కడికి వచ్చి, నేనే తహసీల్దార్‌నని శీర్షికలో రాసుకుని లోపలికి నడుచుకుంటూ పోతాడు. పాస్‌వర్డ్ పగలగొట్టాల్సిన పనే లేదు. అందుకే గునికార్న్‌ను 127.0.0.1 అనే లోపలి చిరునామాకో యూనిక్స్ సాకెట్‌కో కట్టేయాలి. బయటికి తెరవాల్సింది 80, 443 పోర్టులు మాత్రమే. బయటి నుంచి అదే పేరుతో శీర్షిక వస్తే దాన్ని ఇంజిన్‌ఎక్స్ చెరిపి తన సొంతది రాయాలి. లాగిన్ గురించి ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుపెట్టుకోగలిగితే ఇదే గుర్తుపెట్టుకోండి.

మామూలుగా మాత్రం లాగిన్‌ను ప్రోగ్రామే చూసుకుంటుంది. అప్పుడు పాస్‌వర్డులను ఎక్కడ, ఎలా దాచాలన్నది ప్రశ్న. 1960లలో అమెరికాలోని ఎంఐటీలో ఒక కంప్యూటర్‌లోకి లాగిన్ అయిన ప్రతివాడికీ ఆరోజు సందేశానికి బదులు అందరి పాస్‌వర్డుల జాబితా కనిపించింది. రెండు ఫైళ్లు తారుమారయ్యాయి. పాస్‌వర్డులను ఉన్నదున్నట్టు రాసి పెట్టుకుంటే ఏమవుతుందో ఆనాడే తేలిపోయింది. అందుకే ఇప్పుడు పాస్‌వర్డ్‌ను దాచరు, దాని హ్యాష్‌ను దాస్తారు. హ్యాష్ అంటే పాస్‌వర్డ్ నుంచి లెక్కకట్టగల, కానీ దాని నుంచి పాస్‌వర్డ్‌ను వెనక్కి తీయలేని ఒక పొడుగాటి విలువ. ఇద్దరు కార్యదర్శులు భద్రాద్రి123 అనే పెట్టుకున్నారనుకోండి. హ్యాష్‌లు కూడా ఒకటే అయితే ఒకరిది తెలిస్తే రెండోవారిదీ తెలిసినట్టే. అందుకని ఒక్కొక్కరికి ఒక్కో యాదృచ్ఛిక విలువను కలిపి హ్యాష్ కడతారు. దాన్ని సాల్ట్ అంటారు. యూనిక్స్ తయారీలో పాలుపంచుకున్న రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 1979లో ఈ పద్ధతిని వివరించారు.

హ్యాష్ కట్టడం కావాలనే నెమ్మదిగా ఉండాలి. దొంగ కోట్ల పదాలను ప్రయత్నిస్తాడు కాబట్టి ఒక్కో ప్రయత్నానికీ ఖర్చు పెంచడమే మన రక్షణ. జాంగో 5.2లో ఒక పాస్‌వర్డ్‌కు ఆ లెక్కను 10 లక్షల సార్లు తిప్పుతారు. దీనికి మరో వైపు కూడా ఉంది. మన రెండు కోర్ల సర్వర్‌కు కూడా ప్రతి లాగిన్ బరువైన పనే. ఎవడైనా లాగిన్ పేజీ మీద సెకనుకు వందల తప్పుడు పాస్‌వర్డులు విసిరితే మిగతా పేజీలు కూడా కుంటుపడతాయి. కాబట్టి లాగిన్ ప్రయత్నాలకు హద్దు పెట్టాలి.

ఈ హద్దు పెట్టడంలోనే ఏజెన్సీ జనం నలిగిపోయే చిక్కొకటి ఉంది. మామూలుగా ఐపీ చిరునామాను బట్టి హద్దు పెడతారు, అంటే ఒకే చిరునామా నుంచి నిమిషానికి ఐదు ప్రయత్నాలు. కానీ ముందు ఇంజిన్‌ఎక్స్ ఉంది కదా, పైథాన్‌కు వచ్చే ప్రతి అభ్యర్థనా 127.0.0.1 నుంచే వచ్చినట్టు కనిపిస్తుంది. ఒకడు ఐదుసార్లు తప్పు కొడితే జిల్లా మొత్తానికి లాగిన్ మూతపడుతుంది. అసలు చిరునామాను ఇంజిన్‌ఎక్స్ ఎక్స్ ఫార్వర్డెడ్ ఫర్ అనే శీర్షికలో పంపాలి. మన ముందు ఒక్క ప్రాక్సీనే ఉందని, దాన్నే నమ్మమని పైథాన్‌కు చెప్పాలి. అది సరిచేసినా పని అయిపోదు. మొబైల్ కంపెనీల దగ్గర పాతకాలపు ఐపీ చిరునామాలు చాలవు. వందల ఫోన్లను ఒకే బయటి చిరునామా వెనుక ఉంచుతాయి. దుమ్ముగూడెంలో ఒక టవర్ కింద ఉన్న కార్యదర్శి, స్కూలు పిల్లవాడు, ఆకతాయి ముగ్గురూ బయటికి ఒకే చిరునామాతో కనిపించవచ్చు. చిరునామాను ఒక్కదాన్నే చూసి అడ్డుకుంటే తప్పు చేయనివాడు బయటే ఉండిపోతాడు. ఖాతాకు ఒక హద్దు, చిరునామాకు దానికన్నా వదులైన హద్దు పెట్టడమే సరైన దారి.

లాగిన్ అయ్యాక బ్రౌజర్‌కు ఒక కుకీ ఇస్తారు. తర్వాతి ప్రతి అభ్యర్థనలోనూ అదే గుర్తింపు. ఫ్లాస్క్ ఈ కుకీ మీద ఒక రహస్య కీతో సంతకం చేస్తుంది. ఆ కీని కొందరు ప్రోగ్రామ్ మొదలైనప్పుడల్లా యాదృచ్ఛికంగా పుట్టించేలా రాస్తారు. సొంత కంప్యూటర్‌లో అంతా బాగానే నడుస్తుంది. గునికార్న్‌లో ఐదుగురు వర్కర్లుంటే ఐదుగురికీ ఐదు వేర్వేరు కీలు తయారవుతాయి. ఒక వర్కర్ సంతకం చేసిన కుకీని రెండో వర్కర్ ఒప్పుకోదు. కార్యదర్శి లాగిన్ అవుతాడు, ఒక పేజీ వస్తుంది, తర్వాతి నొక్కుకు మళ్లీ లాగిన్ పేజీ. ఇంకోసారి నొక్కితే మళ్లీ లోపలే ఉంటాడు. అతను సిగ్నల్‌ను తిట్టుకుంటాడు. తప్పు సిగ్నల్‌ది కాదు. కీని ఒక్కసారి పుట్టించి, ప్రోగ్రామ్ ఫైల్‌లో రాయకుండా, సర్వర్ అమరికల్లో భద్రంగా పెట్టి, వర్కర్లందరికీ అదే ఇవ్వాలి.

కుకీ ఎంతకాలం చెల్లాలన్నది సాంకేతిక ప్రశ్న కాదు, పని తీరు ప్రశ్న. జాంగోలో మామూలుగా రెండు వారాలు, ఫ్లాస్క్‌లో శాశ్వత సెషన్ పెడితే 31 రోజులు. బ్యాంకుల్లాగా ఐదు నిమిషాలకోసారి బయటికి తోసే పద్ధతి ఇక్కడ వద్దు. వానలో, ఒక చేత్తో గొడుగు పట్టుకుని ఉన్నవాడిని గంటగంటకూ పాస్‌వర్డ్ అడగడం న్యాయం కాదు. మట్టం రాయడానికి పాత లాగిన్ చాలు. కొత్త ఖాతా తెరవడానికీ, పాత రికార్డు మార్చడానికీ మాత్రం పాస్‌వర్డ్ మళ్లీ అడగాలి.

ఓటీపీ గురించి కూడా ఇలాగే ఆలోచించాలి. కొన్ని చోట్ల పంచాయతీ కార్యాలయానికి కేబుల్ ద్వారా ఇంటర్నెట్ ఉంటుంది, ఆ గదిలో మొబైల్ సిగ్నల్ ఉండదు. పేజీ తెరుచుకుంటుంది, ఎస్సెమ్మెస్ రాదు. దీనికి పరిష్కారం 2011 నుంచి ఉంది. సర్వర్, ఫోన్ ఒక రహస్య కీని ముందే పంచుకుని, గడియారం చూసుకుని 30 సెకన్లకో కొత్త ఆరంకెల సంఖ్యను ఎవరికి వారే లెక్కకట్టుకుంటాయి. ఆ సంఖ్యకు సిగ్నల్ అవసరమే లేదు. ఫోన్‌లో టైము సరిగ్గా ఉంటే చాలు. ఈ పద్ధతి పైథాన్‌లో కొన్ని లైన్ల పని. ఎస్సెమ్మెస్ ఖర్చూ ఉండదు.

యూజర్ పేరును తెలుగులో పెట్టాలని సరదా పడేవాళ్లకు ఒక మాట. కొన్ని తెలుగు కీబోర్డులు పొల్లు తర్వాత కంటికి కనబడని అక్షరాన్ని చేరుస్తాయి, కొన్ని చేర్చవు. తెర మీద రెండు పేర్లూ ఒకేలా ఉంటాయి, కంప్యూటర్‌కు మాత్రం వేరు. ఉద్యోగి సంఖ్యనో ఫోన్ నంబరునో యూజర్ పేరుగా పెట్టి, అసలు పేరును తెలుగులో చూపించడం మేలు.

హెచ్‌టీటీపీఎస్‌కు కావలసిన ధ్రువపత్రం ఇప్పుడు ఉచితం. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ 2015 నుంచి ఇస్తోంది. దానికి 90 రోజులకే గడువు తీరిపోతుంది కాబట్టి దానంతట అదే కొత్తది తెచ్చుకునే ఏర్పాటు చేసుకోవాలి. మార్చిలో పెట్టి మరిచిపోతే సరిగ్గా వానలు మొదలయ్యే వేళకు పేజీ తెరవకుండా బ్రౌజర్ భయపెడుతుంది. పాత ఫోన్ల సంగతి కూడా చూసుకోవాలి. ఆండ్రాయిడ్ 7.1.1కు ముందరి ఫోన్లు ఈ సంస్థ ఇప్పటి మూల ధ్రువపత్రాన్ని గుర్తించవు. ఇళ్లలో పిల్లల చేతికి వచ్చిన పాత ఫోన్లలో కొన్ని ఇంకా అవే కావచ్చు. మట్టం చూపే పేజీ ఒక్కదాన్ని మామూలు హెచ్‌టీటీపీలో కూడా ఉంచడం, రాసే పేజీలను హెచ్‌టీటీపీఎస్‌లోనే ఉంచడం ఇక్కడ సబబని నా అభిప్రాయం. అలా చేసినప్పుడు లాగిన్ కుకీ హెచ్‌టీటీపీఎస్‌లో తప్ప ప్రయాణించకుండా సెక్యూర్ గుర్తు తప్పక పెట్టాలి. భద్రతా నిపుణులు కొందరు ఈ మినహాయింపును ఒప్పుకోరు, దారిలో ఎవరైనా అంకె మార్చవచ్చంటారు. ఆ మాట నిజమే. కానీ అసలు పేజీయే తెరుచుకోని ఇంటిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

చివరిగా కరెంటు. సర్వర్ ఎక్కడున్నా ఎప్పుడో ఒకప్పుడు ఆగి మళ్లీ మొదలవుతుంది. అప్పుడు గునికార్న్ తనంతట తాను లేవకపోతే ఇంజిన్‌ఎక్స్ ఒక్కటే మేలుకుని వచ్చినవాళ్లందరికీ 502 చూపిస్తుంది. లైనెక్స్‌లో సిస్టమ్‌డీకి అప్పజెప్పితే సర్వర్ లేవగానే గునికార్న్‌ను లేపుతుంది, మధ్యలో కూలితే మళ్లీ నిలబెడుతుంది. పైథాన్ పడిపోయిన సమయంలో, ఇంతకుముందు దాచుకున్న పేజీనే చూపమని ఇంజిన్‌ఎక్స్‌కు చెప్పే వీలు కూడా ఉంది. ఆ పేజీ మీద మట్టం ఎన్ని గంటలకు నమోదైందో పెద్ద అక్షరాలతో ఉండాలి. టైము లేని మట్టం వాట్సాప్ ఫార్వర్డ్ కన్నా మెరుగు కాదు.

ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచ కాలేజీల్లో ప్రాజెక్టుల కోసం వెతుక్కుంటున్న విద్యార్థులకు ఒక విన్నపం. లైబ్రరీ మేనేజ్‌మెంట్, హాస్టల్ మేనేజ్‌మెంట్ అంటూ ఏటా చేసేవే చేయకండి. మీ ఊరి చప్టాల జాబితాతో మొదలుపెట్టండి, గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏకో తహసీల్దార్ కార్యాలయానికో వెళ్లి ఎవరు రాయాలో అడిగి హక్కుల పట్టిక కట్టండి. మే నెల దాటకముందే ఒక పాత ఫోన్ పట్టుకుని చర్లకో వేలేరుపాడుకో బస్సెక్కండి. సిగ్నల్ ఒక్క గీతే ఉన్న చోట నిలబడి ఫొటో పంపి చూడండి. ఫొటో చేరి, మట్టం నమోదై, రాసినవారి పేరూ టైమూ రికార్డులో పడ్డాకే ఆ లింకును గ్రూపుల్లో పెట్టండి.